‘అబల’కు చరిత్ర సాక్ష్యం: భండారు అచ్చమాంబ జీవితచరిత్రలలో స్వభావం, సార్థకత

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని తెలుగు సామెత. మనిషి గుణాన్ని గురించిన పెద్ద సిద్ధాంతమొకటి ఈ చిన్న మాటలో ఇమిడి ఉంది. గుణం పుట్టుకతో వస్తుంది, బతికినన్నాళ్ళూ దాన్ని మోయడమే తప్ప మార్చుకోవడం ఉండదు. ఒక వ్యక్తిని గురించి అన్నప్పుడు ఇది విసుగుతోనో చమత్కారంతోనో అన్న మాటగానే మిగులుతుంది. ఒక సమూహానికి అన్వయించినప్పుడు మాత్రం శాసనంలా పనిచేస్తుంది. పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో స్త్రీవిద్యపై తెలుగు నేలలో సాగిన వాదోపవాదాలలో ఈ అన్వయం అడుగడుగునా కనిపిస్తుంది. స్త్రీకి ఏమి నేర్పాలి, ఎంతవరకు నేర్పాలి అన్న చర్చ మొదలయ్యే వేళకే స్త్రీ స్వభావం ఇటువంటిదన్న తీర్మానం సిద్ధంగా ఉండేది. 1901లో వెలువడిన భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ఆ తీర్మానాన్నే విచారణకు పెట్టింది. ఈ గ్రంథాన్ని ఆదర్శ స్త్రీల జీవితచరిత్రల సంకలనంగా పేర్కొని ముందుకు సాగిపోవడం సాహిత్య చరిత్రలలో పరిపాటి. మానవ స్వభావం గురించి చరిత్ర ఆధారంగా చేసిన వాదంగా చదివితే దాని బలమూ పరిమితీ రెండూ స్పష్టమవుతాయి.

పేరులోని వైరుధ్యం

‘అబల’ అంటే బలం లేనిది. అమరకోశం స్త్రీకి చెప్పిన పర్యాయపదాలలో ఇదొకటి. సంప్రదాయ విద్యలో అమరం కంఠస్థం చేయడం తొలి మెట్లలో ఒకటి కనుక, స్త్రీ బలహీనురాలన్న అభిప్రాయాన్ని విద్యార్థి ఒక వాదంగా విని అంగీకరించవలసిన అవసరమే కలిగేది కాదు. పదజాలంతో పాటే అది అబ్బేది. వాదాన్ని ఖండించవచ్చు, పర్యాయపదాన్ని ఖండించడం ఎలా? అచ్చమాంబ ఆ పదాన్ని వదిలిపెట్టలేదు. దాన్నే తన గ్రంథం పేరులో మొదట నిలిపి, పక్కనే ‘సచ్చరిత్ర’ను చేర్చారు. ‘చరిత్ర’ అన్న మాట ఇక్కడ నడవడిక, గతకాల వృత్తాంతం అనే రెండర్థాలతోనూ పలుకుతుంది. నిఘంటువు బలం లేనిదని నిర్ణయించిన మనిషికి గతంలో ఏమి చేసిందో చెప్పే వృత్తాంతం ఉంది. పేరు చదివేసరికే పాఠకుడు ఈ రెండింటి మధ్య ఉన్న పొత్తు కుదరనితనాన్ని గమనించక తప్పదు.

గ్రంథ ప్రయోజనాన్ని అచ్చమాంబ తన పీఠికలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. స్త్రీలు స్వభావసిద్ధంగా బలహీనులు, బుద్ధిహీనులు, వివేకం లేనివారు అన్న నిందను పూర్వస్త్రీల చరిత్రల ద్వారా తొలగించడం మొదటిది. చదువూ స్వేచ్ఛా ఇస్తే స్త్రీలు చెడిపోతారన్న మాట నిజం కాదని చూపడం రెండవది. సాధుచరితలైన స్త్రీల వృత్తాంతాలను నేటి స్త్రీలకు అందించడం మూడవది. ఈ మూడింటిలో చివరిదే ఎక్కువగా ప్రచారంలోకి వచ్చింది, బహుశా అది ఎవరినీ నొప్పించనిది కావడం వల్ల. మొదటి రెండూ ప్రతివాదిని ఎదురుగా నిలబెట్టుకుని మాట్లాడినవి.

రచయిత్రి జీవితం కూడా ఈ వాదానికి సంబంధం లేనిది కాదు. 1874లో నందిగామలో పుట్టిన అచ్చమాంబకు పదేళ్ళ వయసులోనే పెళ్ళయింది. బడి చదువు లేదు. భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో కాపురం ఉండగా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట ఉండి చదువుకున్నారు. తమ్ముడి చదువు పక్కనే అక్క చదువు సాగింది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ వంటి భాషలు పట్టుబడ్డాయి. ఇతర ప్రాంతాల స్త్రీల వృత్తాంతాలు సేకరించడానికి ఆ భాషలే ఆధారమయ్యాయి. 1901 జనగణన నాటికి భారతదేశంలో చదవను రాయను వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరు కూడా లేరు, పురుషులే నూటికి పదిమంది లోపు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరిలో ఒకరు విశ్వవిద్యాలయ పట్టం దాకా వెళ్ళారు, మరొకరు ఆ పుస్తకాల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఈ తేడాను స్వభావానికి అంటగట్టడం ఎంత అసంగతమో చెప్పడానికి అచ్చమాంబకు దూరపు ఉదాహరణ అవసరం లేదు.

ఒక్క ఉదాహరణ చాలదా?

తర్కం ప్రకారం చూస్తే ‘స్త్రీలందరూ బుద్ధిహీనులు’ అన్న వాక్యాన్ని కూల్చడానికి బుద్ధిమంతురాలైన ఒక్క స్త్రీ చాలు. మరి మాల ఎందుకు? ఒక్క ఉదాహరణను మింగేసే శక్తి సామాన్యాభిప్రాయానికి ఉంది. మొల్ల రామాయణం రాసిందంటే ‘ఎక్కడో ఒక్కతె’ అంటారు. రుద్రమదేవి రాజ్యమేలిందంటే ‘అది దైవాంశ’ అంటారు. మినహాయింపు అన్న పేరుతో ప్రతి సాక్ష్యాన్నీ విడివిడిగా పక్కన పెట్టవచ్చు, సూత్రం మాత్రం చెక్కుచెదరదు. వేరువేరు కాలాలకు, ప్రాంతాలకు చెందిన జీవితాలను ఒకే దారాన గుచ్చినప్పుడు ఇలా పక్కకు తోయడం కష్టమవుతుంది. రత్నమాల అన్న పేరులో కవితాలంకారం కన్నా ఈ వ్యూహమే ముఖ్యమనిపిస్తుంది.

ఇదే కాలంలో పాశ్చాత్య దేశాలలోనూ ఇదే ప్రశ్న మరో వేషంలో నడుస్తున్నది. 1887లో జార్జ్ రొమేన్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త స్త్రీ మెదడు పురుషుడి మెదడు కన్నా సగటున ఐదు ఔన్సులు తక్కువ తూగుతుందని, కనుక బుద్ధిశక్తిలో తరుగు ఉండడం సహజమేనని రాశాడు. అమరకోశం చేసిన పనిని అక్కడ త్రాసు చేసింది. దీనికి ముందే, 1869లో, జాన్ స్టూవర్ట్ మిల్ స్త్రీ స్వభావమని చెప్పుకుంటున్నది అణచివేత వల్ల ఏర్పడిన కృత్రిమ రూపమని, అవకాశం ఇవ్వకుండా స్వభావాన్ని తెలుసుకోవడం సాధ్యం కాదని వాదించి ఉన్నాడు. 1903లో హెలెన్ థాంప్సన్ షికాగో విశ్వవిద్యాలయంలో 25 మంది స్త్రీలను, 25 మంది పురుషులను ప్రయోగశాలలో పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. తేడాలు స్వల్పమని, వాటికి పెంపకమే ప్రధాన కారణం కావచ్చునని ఆమె నిర్ణయం. వీరి ప్రభావం అచ్చమాంబపై ఉన్నదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఒకే నమ్మకాన్ని ఎదిరించడానికి మూడు చోట్ల మూడు రకాల సాక్ష్యం పుట్టిందన్నది గమనించవలసిన సంగతి. మిల్ ది తర్కం, థాంప్సన్ ది కొలత, అచ్చమాంబది వృత్తాంతం. థాంప్సన్ పరీక్షించినది సామాన్య విద్యార్థులను, అచ్చమాంబ ఏరినది అసామాన్యలను. ఈ తేడా వల్ల రత్నమాల వాదానికి కలిగిన చిక్కు తరువాత తేలుతుంది.

ఖనా నాలుక

రత్నమాలలోని ఖనా వృత్తాంతం ఈ సందర్భంలో నిలిచి చదవదగినది. వంగదేశంలో ప్రచారంలో ఉన్న ఆ ఐతిహ్యం పలు రూపాలలో దొరుకుతుంది. వాటి సారం ఇది. జ్యోతిషంలో మేటి అయిన వరాహుడు తన కొడుకు మిహిరుడి జాతకంలో అల్పాయుష్షు చూసి శిశువును నీటిలో వదిలిపెడతాడు. ఆ బిడ్డ బతికి, ఖనాతో పాటు జ్యోతిషం నేర్చి, ఆమెను పెళ్ళాడి తండ్రి దగ్గరకు తిరిగి వస్తాడు. లెక్కలో మామ చేసిన తప్పును కోడలు ఎత్తి చూపుతుంది. ఆమె ప్రతిభ రాజు చెవిన పడుతుంది, సభకు పిలుపు వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. కుల గౌరవం పేరుతో ఆమె నాలుక కోస్తారు.

వరాహమిహిరుడు ఆరో శతాబ్దికి చెందిన ఒకే వ్యక్తి అన్నది చరిత్ర. అతడిని తండ్రీకొడుకులుగా విడదీసిన ఈ కథకు చారిత్రక ఆధారం లేదు. ఐతిహ్యాన్నీ చరిత్రనూ ఒకే వరుసలో నిలపడం నేటి పరిశోధన ప్రమాణాలతో చూస్తే రత్నమాలలోని లోపమే. ప్రతివాది ‘ఇది కట్టుకథ’ అన్న మరుక్షణం సాక్ష్యం చెల్లకుండా పోతుంది. అయితే ఐతిహ్యం మరొక విషయానికి గట్టి సాక్ష్యం. ఖనా కథలో ఆమె బుద్ధిని ఎవరూ శంకించరు. మామకు తెలుసు, భర్తకు తెలుసు, రాజుకు తెలుసు. తెలిసినందువల్లే నాలుక పోయింది. స్త్రీకి బుద్ధి లేదని చెప్పే సమాజమే, బుద్ధి ఉన్న స్త్రీ నోరు మూయించే కథను తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది. లేని శక్తిని కోసి పారేయవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్న ఆ కథలోనే ఉంది. వంగదేశపు రైతులు వాన గురించి, విత్తు గురించి చెప్పుకునే సామెతలు ఇప్పటికీ ఖనా వచనాలుగానే చెలామణి అవుతున్నాయి.

సచ్చరిత్ర అనే షరతు

స్వభావం విషయంలో ఇంత తెగువ చూపిన రచయిత్రి సార్థకత విషయంలో చాలా జాగ్రత్తగా అడుగు వేశారు. శౌర్యం, పాండిత్యం, పరిపాలన ఏదైనా కావచ్చు, స్త్రీకి ఆ శక్తి ఉందని రత్నమాల చెబుతుంది. కానీ ఆ శక్తికి ‘సచ్చరిత్ర’ అన్న షరతు ఉంది. నడవడికలో మచ్చలేనివారికే మాలలో చోటు. పురుషుడి విద్వత్తును కొలిచేటప్పుడు అడగని ప్రశ్నను ఈ షరతు స్త్రీ విషయంలో ముందుగా అడుగుతుంది. 1883లో కందుకూరి వీరేశలింగం స్థాపించిన ‘సతీహితబోధిని’ పేరులోనే సతీత్వం ఉన్న రోజులవి. చదువు స్త్రీని చెడుపుతుందన్న ఆరోపణకు బదులు చెప్పదలచిన గ్రంథం, చెడిపోవడమంటే ఏమిటన్న నిర్వచనాన్ని మాత్రం ప్రతివాది దగ్గరే వదిలేసింది. దీన్ని సంప్రదాయవాదమని తీసిపారేయడం తొందరపాటు అవుతుంది. నిర్వచనంపై కూడా పోరుకు దిగి ఉంటే ఆనాటి పాఠకుల ఇళ్ళలోకి ఆ పుస్తకం అడుగుపెట్టేది కాదేమో.

అసామాన్యల చరిత్రలోని చిక్కు ఇంతకన్నా లోతైనది. రాణులనూ విదుషీమణులనూ చూపినకొద్దీ, సామాన్య గృహిణి జీవితానికి ఏమి విలువ అన్న ప్రశ్న పెద్దదవుతుంది. అచ్చమాంబ 1902లో రాసిన కథలు ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబులా కనిపిస్తాయి. ‘ధనత్రయోదశి’లో దీపావళి ముంగిట డబ్బుకు కటకటలాడే ఒక పేద ఇల్లు ఉంది. లేమి వల్ల భర్త యజమాని సొమ్ముపై చేయి వేస్తే, భార్య విజయలక్ష్మి దాన్ని తిరిగి ఇచ్చేదాకా ఊరుకోదు. ఇక్కడ వివేకం ఎవరిది, చాపల్యం ఎవరిది? పీఠికలో ఖండించిన నింద ఈ కథలో తలకిందులైంది, అదీ ఏ రాణివాసంలోనో కాదు, నెల జీతం చాలని ఇంట్లో. ‘స్త్రీవిద్య’ కథలో చదువు ఘనకార్యం కోసం కాదు, భార్యాభర్తల మధ్య మాట తెగిపోకుండా ఉండడం కోసం కావలసి వస్తుంది.

తెలుగులో తొలి కథ ఏదన్న చర్చలో, గురజాడ ‘దిద్దుబాటు’ (1910) కన్నా ముందుదిగా ‘ధనత్రయోదశి’ పేరు ఇటీవలి దశాబ్దాలలో గట్టిగా వినిపిస్తున్నది. న్యాయమైన గుర్తింపే. కాని తొలి స్థానం గురించిన తగవులో రచయిత్రి మళ్ళీ ఒక మినహాయింపుగా, ఒంటరి రత్నంగా మారిపోయారు. కథలకు వెనుక నిలిచిన పెద్ద చారిత్రక వాదం పాఠ్యప్రణాళికలలో ఒక్క వాక్యానికి పరిమితమైంది.

ఆమె తొలి యౌవనం దాటగానే మరణించిన తరువాత, 1906లో లక్ష్మణరావు తదితరులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. మండలి తొలి ప్రచురణ 1907లో వచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ‘అబ్రహాము లింకను చరిత్ర’. కట్టెల గుడిసెలో పుట్టిన వాడు దేశాధ్యక్షుడైన ఆ వృత్తాంతాన్ని తెలుగు యువకులు మనిషి ఎంతవరకు ఎదగగలడో చెప్పే పుస్తకంగా చదివారు. లింకనుకు ఎదిగే శక్తి అసలు ఉందా అని ఆ పుస్తకం ముందుగా రుజువు చేయవలసిన అవసరం లేకపోయింది. రత్నమాలలోని ప్రతి జీవితమూ ఆ రుజువుతోనే మొదలు కావలసి వచ్చింది. అచ్చమాంబ తన గ్రంథాన్ని మూడు భాగాలుగా తలపెట్టారు. మొదటిది భారతదేశ చరిత్రలోని స్త్రీలది, అది పూర్తయింది. వేద పురాణ కాలపు స్త్రీల భాగం అసంపూర్ణంగా ఆగిపోయింది. లింకను పుస్తకం పక్కన అదే అలమారలో ఉండదగిన మూడో భాగాన్ని ఆమె విదేశీ స్త్రీల కోసం ఉద్దేశించారు. దాన్ని రాయడానికి ఆమెకు వ్యవధి చిక్కలేదు.