మన డబ్బు మన చేతికి వచ్చిన దారి

ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదవడం అయిపోయాక ఒక సభ్యురాలు లేచి నిలబడింది. ఆమె ఉపాధి హామీ కూలి బ్యాంకు ఖాతాలో పడింది. తీసుకుందామని పోతే ‘మీ సంఘం పాత బాకీ ఉంది, హోల్డ్‌లో పెట్టాం’ అన్నారంట. కూలి ఆమెది, బాకీ పదిమందిది. ఆ మాట మీద గంటసేపు గొడవ నడిచింది. ‘అప్పు కట్టకపోతే ఆపక ఏం చేస్తారు’ అన్నవాళ్లూ మనలోనే ఉన్నారు. కొత్తగా చేరిన అమ్మాయిలు ఇదేదో ఇప్పుడే మొదలైందనుకున్నారు. ఇది పాత కథే. అందుకని ప్రభుత్వం ఇచ్చే డబ్బు మన చేతికి ఎట్లెట్లా వచ్చిందో, దారిలో ఏ మెలికలు పడ్డాయో ఈసారి నివేదికలో కొంచెం రాసి పెడుతున్నాం.

1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను పథకం మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో 2006లో పింఛను 200 అయింది. అప్పుడంతా చేతికిచ్చే డబ్బే. ఇచ్చే మనిషి ఊళ్లో ఉంటే పింఛను, పెళ్లికో పేరంటానికో పోతే ఆగాల్సిందే. చిల్లర లేదని పది, టీ ఖర్చని ఇరవై కోసుకున్నా ముసలమ్మలు నోరెత్తేవాళ్లు కాదు. వచ్చే నెల మళ్లీ ఆయన దగ్గరికే కదా పోవాలి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. కూలి డబ్బు పోస్టాఫీసు ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. పాస్‌బుక్కు మన పేరు మీదే ఉండేది, కానీ చాలా ఊళ్లలో అది ఉండేది వేరేవాళ్ల ఇంట్లో. డబ్బు తేవాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని పోవాలి.

తర్వాత వచ్చిన స్మార్ట్ కార్డు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందులో మన ఆడవాళ్ల చెయ్యి ఉంది. ఊళ్లోనే ఒక మనిషి చిన్న మిషను పెట్టుకుని కూర్చునేది. మనం కార్డు పెట్టి వేలు వేస్తే డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది. ఆ పనికి ఎవరిని పెట్టాలో నిబంధనల్లోనే రాశారు: అదే ఊరి మహిళ అయి ఉండాలి, పొదుపు సంఘం సభ్యురాలై ఉండాలి, ఊరి అధికారులకు బంధువు కాకూడదు. 8 జిల్లాల్లో 157 మండలాలు తీసుకుని పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. కూలి సగటున వారం ముందే చేతికొచ్చింది. తీసుకోవడానికి పట్టే టైము 22 నిమిషాలు తగ్గింది. మధ్యలో కారిపోయే డబ్బూ తగ్గింది. ఇంకో సంగతి మాకు అంతకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. కార్డు రానివాళ్లకు, వేలు పడనివాళ్లకు పాత పద్ధతిలో ఇవ్వడం ఆపలేదు. కొత్త తలుపు తెరిచారు గానీ పాత తలుపుకు గొళ్లెం పెట్టలేదు.

చేతికొచ్చిన డబ్బును ఎట్లా వాడుకోవాలన్నది ఇంకో పేచీ. 2019లో పసుపు-కుంకుమ కింద సభ్యురాలికి 10,000 అని మూడు చెక్కులు ఒకేసారి ఇచ్చారు: 2,500, 3,500, 4,000. చెక్కు బీరువాలో ఉంటుంది, దాని మీద తేదీ మాత్రం ఇంకా రాదు. 2020 సెప్టెంబరు 11న ఆసరా వచ్చింది. 2019 ఏప్రిల్ 11 నాటికి సంఘాలకున్న బ్యాంకు అప్పును నాలుగు విడతల్లో మనకే ఇస్తామన్నారు. పాత బాకీకి బ్యాంకులు జమ వేసుకోకూడదనే షరతు అప్పుడే గట్టిగా విన్నాం. దాని పేరు ‘అన్‌ఎన్‌కంబర్డ్’ ఖాతా. ఆ మాట పలకడానికి మన బుక్ కీపర్లకు నెల పట్టింది. ఆ షరతు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో సమావేశంలో లేచిన సభ్యురాలిని అడిగితే చెబుతుంది.

పిల్లల కాలేజీ ఫీజుదీ అదే తీరు. 2021లో తల్లుల ఖాతాల్లో వేశారు. కొంతమంది ఫీజు కట్టకుండా వాడుకుంటున్నారని కాలేజీలు కోర్టుకు పోయాయి. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు కాలేజీలకే ఇవ్వాలంది. వాడుకున్న తల్లులు లేరని మేము అనం. కానీ ఆ కొందరిని చూపించి అందరి మీదా అనుమానం పెట్టుకోవడం బాధేసింది.

2020 ఏప్రిల్ లాక్‌డౌన్ మనకందరికీ గుర్తే. ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున మూడు నెలలు వేశారు. ఖాతా నంబరు చివర 0 గానీ 1 గానీ ఉంటే ఏప్రిల్ 3న, 2 గానీ 3 గానీ ఉంటే 4న రమ్మన్నారు, అట్లా 9వ తేదీ దాకా. రద్దీ ఉండకూడదని పెట్టిన నియమం, మంచిదే. ఈలోపు తీసుకోకపోతే డబ్బు వెనక్కి పోతుందని పుకారు లేచింది. పోదని ప్రభుత్వం చెప్పినా ఎవరూ నమ్మలేదు, అందరూ ఎండలో నిలబడ్డారు.

మళ్లీ 2024. అంతకు నాలుగేళ్ల ముందు నుంచీ వాలంటీర్లు ఇంటికి తెచ్చిస్తున్న పింఛను ఎన్నికల కోడ్ వల్ల ఆగి, ఏప్రిల్‌లో సచివాలయం దగ్గరికి మారింది. మంచం దిగలేని వాళ్లను కూడా కొన్నిచోట్ల ఆటోల్లో తెచ్చారు. మే నెలలో ఆధార్ లింకైన ఖాతాలున్న వాళ్లకు బ్యాంకులో వేశారు. ఏళ్ల తరబడి ముట్టుకోని ఖాతాలవి, ఏ బ్యాంకో కూడా కొందరికి గుర్తులేదు. జులై 1న సచివాలయ సిబ్బంది ఇంటి దగ్గరే పెరిగిన 4,000కు పాత మూడు నెలల తేడా 3,000 కలిపి 7,000 ఇచ్చారు. ఆ రోజు మా పెద్దవాళ్ల ముఖాల్లో సంతోషం డబ్బు పెరిగినందుకా, గడప దాటే పని తప్పినందుకా అంటే మేము చెప్పలేం.

ఉపాధి కూలి మాత్రం 2024 జనవరి 1 నుంచి ఆధార్ దారిలోనే వస్తోంది. ఆధార్‌కు చివరగా ఏ ఖాతా లింకు చేస్తే డబ్బు ఆ ఖాతాకే పోతుంది. కూలి రాలేదని ఏడ్చే ముందు మీ ఆధార్ ఏ బ్యాంకులో లింకైందో సంఘమిత్రతో చూపించుకోండి. సగం కేసులు అక్కడే తేలిపోతున్నాయి.

సమావేశంలో లేచిన సభ్యురాలి కోసం తీర్మానం రాసి, కూలి ఖాతా వేరు, సంఘం అప్పు ఖాతా వేరు అని బ్యాంకు మేనేజరుగారికి ఇచ్చి వచ్చాం. ఆయన ముందు విసుక్కున్నారు. మూడోసారి పోయినప్పుడు హోల్డ్ తీశారు. సంఘం బాకీ నెలనెలా కట్టడానికి ఆ పదిమందీ సంతకాలు పెట్టారు. ఈ నివేదిక అచ్చుకు పోయే నాటికి మొదటి కంతు ఇంకా జమ కాలేదు.