సిడ్నీ రేవు, ఫిజీ లైన్లు

మన పెద్దలు చెప్పిన గిర్మిట్ కథలలో కొలంబరు కొరడా, సర్దారు తిట్లు వినబడినంతగా 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా మాట వినబడదు.

ఆ యేడు అక్టోబరులోనే ఆస్ట్రేలియా మేలుకొన్నది. క్వారంటీన్ శాఖ డైరెక్టరు డాక్టర్ కంప్‌స్టన్ ఆధ్వర్యాన, జబ్బు సోకిన దేశాల ఓడలను రేవులోనే నిలిపివేశారు. సిడ్నీలో ప్రయాణికులను, ఓడ పనివారిని నార్త్ హెడ్ వద్ద ఉంచి, ఆరోగ్యం చూచిన పిమ్మటనే ఊరిలోకి విడిచేవారు. 1919 జనవరిలో జబ్బు ఎలాగో లోపలికి వచ్చి పన్నెండు వేల మందికి పైగా బలిగొన్నది. అయినా కొన్ని నెలల వ్యవధి దొరికింది గదా!

ఫిజీకి ఆ వ్యవధి దొరకలేదు. ఆక్లండు నుండి వచ్చిన 'తలూన్' ఓడ నవంబరు మొదట్లో సువ రేవు చేరింది. ఆ తరువాత కొద్ది నెలలలో ఎనిమిది వేలకు పైగా, అనగా నూటికి సుమారు అయిదుగురు, చనిపోయారు. ఫిజీయన్లే ఎక్కువ; మనవారూ తక్కువేమీ కాదు.

మనవారిలో అనేకులు పనిచేసిన చెరకు తోటలు సి.ఎస్.ఆర్. కంపెనీవి. దాని ప్రధాన కార్యాలయం సిడ్నీలోనే! 1903 మొదలు మద్రాసులో ఓడ ఎక్కిన తెలుగువారు ఆ తోటల లైన్లలో కాపురమున్నారు. పాత లైన్లలో గది పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు. అందులో ముగ్గురు ఒంటరి మగవారు, లేదా ఇద్దరు పిల్లలతో ఆలుమగలు. ఒకరు దగ్గితే తక్కినవారు ఎక్కడికి తొలగుతారు? చట్టప్రకారం తోటకు ఆసుపత్రి ఉండేది, నిజమే. కాని పనిచేయని రోజుకు కూలి లేదు. జ్వరం దాచుకొని చెరకు కత్తి పట్టడానికి వేరే కారణం కావాలా?

నవంబరు 24న 'ఎన్‌కౌంటర్' యుద్ధనౌక వైద్యులతో, మందులతో సిడ్నీ విడిచి, 30న సువ చేరి, సమోవా, టోంగాలకు సాగింది. మంచి పనే, కాదనలేము. తిరిగివచ్చిన ఆ నౌకను సయితం సిడ్నీలో క్వారంటీనులో ఉంచారు.

మిగిలిన గిర్మిట్ ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయినవి.

నూరేళ్లకు, 2020లో, కోవిడ్ మెల్బోర్న్ వృద్ధాశ్రమాలలో చొరబడింది. అక్కడి పనివారిలో పలువురు వలస కుటుంబాలవారు, సెలవు హక్కు లేని రోజు పనివారు. పూట గడవడానికి రెండు మూడు చోట్ల పనిచేసేవారు. ఒక్కచోటనే పనిచేయాలన్న ఏర్పాటు తరువాత వచ్చింది. సెలవు లేక ఇంట ఉండవలసినవారికి 1,500 డాలర్ల సాయం ఆగస్టులో ప్రకటించారు, అదీ మొదట విక్టోరియా రాష్ట్రం వారికే.