ఇల్లరికపు అల్లుడు: పాత్ర, నివాసం, ఆస్తి

కోడలు సర్దుకుపోవడం ఆడవాళ్ల స్వభావమని నమ్మేవాళ్లకు ఇల్లరికపు అల్లుడు ఇబ్బందికరమైన సాక్షి. అతను మగవాడే, చాలాసార్లు ఇంట్లో పెద్ద పనులన్నీ చూసేవాడే. అయినా అత్తగారి మొహం చూసి మాట తూచి మాట్లాడతాడు. చేతిఖర్చుకు అడగాలంటే మొహమాటపడతాడు. తనవైపు చుట్టాలు వస్తే ఎక్కువ సంబరం కనబడనివ్వడు. ఈ నడవడి కోడళ్లలో కనిపిస్తే స్వభావమంటాం, అల్లుడిలో కనిపిస్తే ‘పాపం, ఇల్లరికం’ అంటాం. ఆ అణకువ ఎవరి ఇంట్లో, ఎవరి ఆస్తి మీద బతుకుతున్నామన్న దాన్నిబట్టి వస్తుందే గాని ఆడా మగా తేడానుబట్టి కాదన్నది ఈ వ్యాసం వాదన. అయితే ఒకే పాత్రకు సమాజం ఇద్దరికీ ఒకే ధర కట్టలేదు. అసలు చర్చ అక్కడే ఉంది.

మానవశాస్త్రవేత్త రాల్ఫ్ లింటన్ 1936లో హోదానూ పాత్రనూ విడదీసి చూపాడు. హోదా అంటే మనిషికి దక్కిన స్థానం, పాత్ర అంటే ఆ స్థానంలో ఉన్నవాడు నడుచుకోవలసిన తీరు. సమాజశాస్త్రవేత్త టాల్కట్ పార్సన్స్ 1955లో రాబర్ట్ బేల్స్‌తో కలిసి తెచ్చిన పుస్తకంలో భర్తకు సంపాదన, బయటి వ్యవహారం; భార్యకు మనసుల్ని కనిపెట్టుకునే పని అని పంచిపెట్టాడు. ఆ పంపకం అమెరికా మధ్యతరగతి ఇంటిని చూసి చేసింది. మొగుడూ పెళ్లాం పెళ్లికాగానే వేరు కాపురం పెట్టే చోట, బయటి నుంచి వచ్చిన మనిషి ఎవరన్న ప్రశ్న పుట్టదు. మన ఇళ్లలో పాత్రను తేల్చేవి మూడు: వయసు, ఆడా మగా అన్నది, ఆ ఇంట్లో పుట్టారా బయటినుంచి వచ్చారా అన్నది. మొదటి రెండింటి మీద బోలెడు రాతలున్నాయి. మూడోదాన్ని చాలామంది రెండోదానిలో కలిపేశారు. పెళ్లై వచ్చేది దాదాపు ఎప్పుడూ ఆడమనిషే కాబట్టి ఆ రెండూ ఒకటే అనిపించాయి.

నిజానికి ఈ ముడిని మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ 1889లోనే విప్పడానికి ప్రయత్నించాడు. మూడు వందల యాభై దాకా జాతుల వివరాలు పోగుచేసి, అత్తకు అల్లుడు ఎదురుపడకుండా తప్పుకునే ఆచారం, అల్లుడు భార్య పుట్టింట ఉండే ఆచారం ఉన్నచోటే ఎక్కువగా కనిపిస్తుందని లెక్కగట్టి చూపాడు. సమాజాల గురించి ఆయన చెప్పిన పరిణామ సిద్ధాంతం ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. నివాసాన్నిబట్టి నడవడి ఉంటుందన్న ఆ గమనిక మాత్రం చెల్లుబాటవుతూనే ఉంది.

ఆ గమనికను తెలుగునాట పరీక్షించడానికి దొరికే మంచి ఆధారం న్యాయస్థానాల రికార్డు. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఉన్న ‘ఇల్లటం’ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించింది. దక్షిణాది కులాల మీద థర్‌స్టన్ రాయగా 1909లో అచ్చయిన సంపుటాల్లోనూ దీని ప్రస్తావన ఉంది. మామూలుగా మగపిల్లలు లేని రైతు తన కూతుర్నిచ్చి పెళ్లిచేసి, అల్లుణ్ని ఇంట ఉంచుకుని, వ్యవసాయం చూసుకున్నందుకు ఆస్తిలో పాలు ఇస్తానని ఒప్పుకుంటాడు. ఈ ఒప్పందమే కీలకం. ఊరికే అత్తారింట్లో ఉన్నంత మాత్రాన ఎవడూ ఇల్లటం అల్లుడు కాడు. తర్వాత మామగారికి కొడుకు పుట్టినా ఇల్లటం అల్లుడికి ఆ కొడుకుతో సమానంగా పాలు వస్తుంది. అలాగని అతను దత్తుడు కాడు. పుట్టిన ఇంటి ఆస్తిలో అతని హక్కు పోదు, ఇంటిపేరు మారదు. మామగారు బతికుండగా పంచిపెట్టమని నిలదీసే హక్కు మాత్రం అతనికి లేదు. పెద్దాయన కన్నుమూసేదాకా ఒద్దికగా ఉండక తప్పదు.

ఆ చివరి షరతులోనే అతని అణకువంతా ఉంది. అదే సమయంలో ఆ అణకువకు ప్రతిఫలం కాగితం మీద ఉంది. అల్లుడి చాకిరీని కోర్టు ఒప్పందానికి ప్రతిఫలంగా లెక్కించింది. ఇప్పుడు అదే ఇంట్లో కోడల్ని నిలబెట్టి చూడండి. ఆమె కూడా బయటినుంచి వచ్చింది, అంతకన్నా ఎక్కువే చాకిరీ చేసింది. ఆమె పనికి పాలు రాసిచ్చే ఒప్పందాన్ని ఏ ఆచారమూ ఊహించలేదు. ఆమెకున్నది తాను తెచ్చుకున్న స్త్రీధనం, తర్వాత మనోవర్తి. అంటే పాత్రను తయారుచేసింది నివాసమే అయినా, దాని ధర నిర్ణయించింది ఆడా మగా అన్న తేడాయే. మొదటి సగంతో ఆగిపోయే స్త్రీవాద విమర్శ గాని, రెండో సగం కనబడనివ్వని ఆచార సమర్థన గాని ఈ వ్యవహారాన్ని పూర్తిగా చెప్పలేవు.

పాలు ఇచ్చిన సమాజమే అతన్ని వేళాకోళమూ చేసింది. 1959లో అక్కినేని, జమున నటించిన ‘ఇల్లరికం’ సినిమాకు అత్తగారి చిన్నచూపే ముడిసరుకు. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో గుండమ్మ కూతురికి ఇల్లరికపు అల్లుణ్ని తెచ్చుకోవాలనుకోవడమే హాస్యానికి దారి తీసింది. కోడలి కష్టం మీద తెలుగు సినిమా కన్నీళ్లు పెట్టించింది, ఇల్లరికపు అల్లుడి మీద నవ్వించింది. ఈ నవ్వు కాలక్షేపం కాదు, కాపలా. మగవాడు అత్తారింట్లో ఒదిగి ఉండటం మామూలు సంగతే అయిపోతే, ఆడపిల్ల ఒదిగి ఉండటం ప్రకృతి ధర్మమన్న మాట నిలవదు. అందుకే అతను ఎప్పటికీ వింతగానే ఉండాలి.

ఇది ఎక్కడైనా ఇంతేనా? జపాన్‌లో మగపిల్లలు లేని వ్యాపార కుటుంబాలు అల్లుణ్ని దత్తత చేసుకుని ఇంటిపేరు ఇచ్చి సంస్థ పగ్గాలు అప్పగించడం పాత సంప్రదాయం. మన రోడ్ల మీద తిరిగే మారుతి కార్ల వెనకున్న సుజుకీ సంస్థను దశాబ్దాలపాటు నడిపిన ఒసాము సుజుకీ అసలు ఇంటిపేరు మాత్సుదా. 1958లో ఆ కుటుంబపు పిల్లను పెళ్లాడి సుజుకీ అయ్యాడు. అక్కడా అలాంటి అల్లుళ్ల మీద ఎకసెక్కాలు లేకపోలేదు. కానీ ఇంటిపేరు, అధికారం రెండూ చేతికి వచ్చినవాణ్ని చూసి ఎంతకాలం నవ్వుతారు? మన ఇల్లటం అల్లుడికి పొలం దక్కింది, ఇంటి పేరూ పెద్దరికమూ దక్కలేదు.

ఇక మేనరికం సంగతి. దక్షిణాదివాళ్లు మేనమామ కూతుర్ని పెళ్లాడతారని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. మేనరికంలో వచ్చిన అల్లుడైనా కోడలైనా పూర్తిగా పరాయివాళ్లు కారు కాబట్టి పాత్రలోని బిగువు కొంత సడలుతుంది. పూర్తిగా పోతుందని అనలేం. మేనత్త అత్తగారయ్యాక మారిన ఇళ్లు అందరికీ తెలుసు.

చట్టం ఇల్లటం ఏర్పాటు పునాదిని మెల్లగా తొలిచేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం కూతుర్ని మొదటి తరగతి వారసురాలిని చేసింది. అల్లుడికి ఆ జాబితాలో చోటు లేదు. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. కూతురే హక్కుదారైనప్పుడు, ఆస్తి నిలుపుకోవడానికి అల్లుడితో ఒప్పందం రాసుకోవలసిన అవసరం తగ్గింది. ఇవాళ ఇల్లరికం ఉంటే అది భార్య ఆస్తి మీద ఉంటుంది. పాత అణకువకు ఇది కొత్త రూపం.

మరోవైపు జనాభా వేరే ఒత్తిడి తెస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు సంతానం 1.7, తెలంగాణలో 1.8. ఒక్క కూతురితో, ఇద్దరు కూతుళ్లతో ఆగిపోయిన ఇళ్లు ఇప్పుడు వింత కాదు. ఆ తల్లిదండ్రుల ముసలితనం ఎవరింట్లో? 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకుతో సమానంగా కూతురి మీదా బాధ్యత పెట్టింది. కానీ 2016లో ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు, భర్తను తల్లిదండ్రుల నుంచి వేరుపడమని భార్య పదేపదే పట్టుబట్టడం క్రూరత్వమేనని తేల్చింది. కొడుకు తల్లిదండ్రుల దగ్గరే ఉండటం మన సమాజపు రివాజన్న ఊహ ఆ తీర్పుకు ఆధారం. కూతురి తల్లిదండ్రుల విషయంలో అలాంటి రివాజును ఏ కోర్టు ఊహిస్తుంది? బాధ్యత సమానమైంది, నివాసం గురించిన ఊహ మాత్రం పాతదే. పట్నాల్లో జంటలు దీనికి తమకు తోచిన దారి వెతుక్కున్నాయి. భార్య తల్లిదండ్రులున్న అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో అంతస్తులో ఫ్లాట్ తీసుకుంటారు. పిల్లల్ని అమ్మమ్మ చూస్తుంది, భోజనం సగం రోజులు కింద ఇంట్లోనే. మధ్యలో ఒక తలుపు ఉంది కాబట్టి దాన్ని ఎవరూ ఇల్లరికమనరు.

ఈ వాదనకు ఒక హద్దు ఉంది. మన చేతిలో ఉన్న ఆధారాలు చాలావరకు భూములున్న కుటుంబాలవి, అందులోనూ కోర్టుకెక్కిన తగాదాలవి. సజావుగా సాగిన ఇల్లరికాలు, భూమి లేని ఇళ్లలోని ఇల్లరికాలు రికార్డుకెక్కలేదు. పెద్దమనుషుల ముందు రాసుకున్న ఇల్లటం ఒప్పందాలు ఇప్పటికీ కొన్ని పాత ఇళ్ల ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. ఇళ్లు కూల్చి కట్టుకునేటప్పుడు అవి పాత కాగితాలవాడి తూకంలోకి పోతున్నాయి. విశ్వవిద్యాలయాల సమాజశాస్త్ర శాఖలు జిల్లాలవారీగా వీటి నకళ్లు సేకరించడానికి పూనుకోవాలి. అలాంటి కాగితం మీ ఇంట ఉంటే పారేయకండి.