తండ్రి పేరు గడి వెనక ఉన్న చరిత్ర



ఆశ్రమ పాఠశాలలో చేరిన రోజు గుర్తుందా? దరఖాస్తులో మన పేరు కిందనే తండ్రి పేరు గడి ఉంటుంది. మనలో చాలామందిమి ఆలోచించకుండా నింపేశాం. కానీ ఆ గడి దగ్గరే ఆగిపోయిన ఒకరిద్దరు మన మధ్య ఎప్పుడూ ఉన్నారు. తండ్రి ఎవరో గూడెం అంతటికీ తెలుసు, కాగితం మీదే ఉండడు. రోడ్డు పనికో వ్యాపారానికో వచ్చి, కొన్నాళ్లుండి వెళ్లిపోయినవాడు కావచ్చు. పక్క గూడెం వాడే కావచ్చు. మాట పడేది మాత్రం తల్లీ, బిడ్డా. ఆ ఒక్క గడి వెనక 150 ఏళ్ల చట్టాల చరిత్ర ఉంది. అది మనకు తెలియాలి.

1872 నుంచి మొదలుపెడదాం. ఆ ఏడాది బ్రిటిష్ వాళ్లు సాక్ష్యాధారాల చట్టం తెచ్చారు. అందులో 112వ సెక్షన్ ప్రకారం పెళ్లయిన స్త్రీకి కాపురంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డే. గర్భం నిలిచిన కాలంలో ఇద్దరూ కలిసే వీలే లేదని రుజువైతే తప్ప దానికి తిరుగులేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ 116వ సెక్షన్‌గా ఇదే ఉంది. అంటే పెళ్లి ఉంటే తండ్రిని చట్టమే చూపిస్తుంది. పెళ్లి లేకపోతే ఆ బరువంతా తల్లి మీదే.

అయినా ఒక తలుపు తెరిచే ఉంచారు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ కింద, పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకు కూడా తండ్రి భరణం ఇవ్వాలి. బిడ్డ మీద ప్రేమతో పెట్టింది కాదులెండి, దిక్కులేని వాళ్లు వీధిన పడకూడదని పెట్టింది. 1973 కోడ్‌లో అది 125వ సెక్షన్ అయింది. నెలకు 500 రూపాయలకు మించకూడదన్న పరిమితి 2001 దాకా ఉంది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. అన్నీ మారాయి గానీ ‘అక్రమ సంతానం’ అన్న మాట మాత్రం చట్టంలో ఇంకా పోలేదు. తప్పు చేసింది బిడ్డ అన్నట్టు!

హక్కు ఉంది సరే, రుజువు ఎట్లా? చాలాకాలం ఉత్తరాలు, ఇరుగుపొరుగు సాక్ష్యాలే దిక్కు. రక్తం గ్రూపు పరీక్ష ‘ఇతను తండ్రి కాదు’ అని చెప్పగలదు, ‘ఇతనే’ అని చెప్పలేదు. దాన్ని మార్చింది మన హైదరాబాదే. సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని అభివృద్ధి చేశారు. కేరళలోని తలశ్శేరి కోర్టులో పెళ్లికాని ఒక తల్లి వేసిన భరణం కేసులో ఆ పరీక్షే సాక్ష్యమైంది. 1991లో కేరళ హైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. 2012లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా చేసిన ఎన్.డి. తివారీ కేసులోనూ పరీక్ష జరిగింది హైదరాబాద్ సీడీఎఫ్‌డీలోనే. రోహిత్ శేఖర్‌కు ఆయనే తండ్రి అని తేలింది. అంత పెద్ద మనిషికీ తప్పలేదు.

అయితే అడిగిన ప్రతిసారీ కోర్టు డీఎన్ఏ పరీక్షకు పంపదు. గట్టి ప్రాథమిక ఆధారం ఉండాలని 1993లో గౌతమ్ కుందు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఫోటోలు, ఫోన్ మెసేజ్‌లు, కలిసి ఉన్నారని చెప్పగల మనుషులు, ఆస్పత్రి కాగితాలు, ఇవన్నీ జాగ్రత్త చేసుకోవాలి.

ఇక మన సంగతి. 1955 హిందూ వివాహ చట్టం, 1956 వారసత్వ చట్టం రెండూ 2(2) సెక్షన్‌లో షెడ్యూల్డ్ తెగలను పక్కన పెట్టాయి. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప మనకు వర్తించవు. చెల్లని పెళ్లిళ్లలో పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల ఆస్తిలో వాటా ఉందని 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఆ హిందూ చట్టాల మీద ఇచ్చిందే. భూమి, వారసత్వం దగ్గరికి వచ్చేసరికి మనకు ఆచారమే ఆధారం.

ఆచారంలో మంచీ ఉంది, చెడూ ఉంది. మన తెగల్లో చాలాచోట్ల ఇద్దరూ ఇష్టపడి కలిసి ఉంటే పెద్దలు ఒప్పుకుంటారు, చేతిలో డబ్బులున్నప్పుడు పెళ్లి విందు పెడతారు. ఆ పిల్లల్ని ఎవరూ వేరుగా చూడరు. కానీ జార్ఖండ్‌లో చూడండి. విందు పెట్టే స్తోమత లేక కలిసి బతుకుతున్న ఆడవాళ్లను ‘ఢుకు’ అంటారు. వాళ్ల పిల్లలకు చెవులు కుట్టే వేడుక కూడా జరగనివ్వని ఊళ్లున్నాయి, ఆస్తి మాట సరేసరి. మన దగ్గర కూడా పెద్దమనుషులు కూర్చుని, మగవాడితో తప్పు కట్టించి, కొంత డబ్బు చేతిలో పెట్టించి, తల్లితో వేలిముద్ర వేయించుకుని ‘అయిపోయింది’ అంటారు. ఆ కాగితంతో బిడ్డ భరణం హక్కు పోదు. 144వ సెక్షన్‌కు కులం లేదు, మతం లేదు, తెగ లేదు. తల్లి వయసు 18 లోపైతే అది పోక్సో కేసు, పంచాయితీలో తేల్చేది కానే కాదు.

ఇంకో భయం ఎస్టీ సర్టిఫికెట్. తండ్రి గిరిజనేతరుడైతే రాదని ఆఫీసుల్లో చెప్పి పంపించేస్తారు. తండ్రి కులమే బిడ్డ కులమన్నది కాదనలేని సూత్రం కాదని 2012లో రమేష్‌భాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గిరిజన తల్లి దగ్గర, ఆ తెగ మధ్యనే, ఆ కష్టాల్లోనే పెరిగానని బిడ్డ చూపించుకోవచ్చు.

తండ్రి పేరు వద్దనుకునే తల్లీ ఉంటుంది. 2015లో సుప్రీంకోర్టు ఆమె మాటా విన్నది. పెళ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పకుండానే గార్డియన్‌ కావచ్చని, ఆమె అఫిడవిట్ ఇస్తే చాలు, జనన ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది.

అంటే తండ్రి పేరు రాయించుకోవడం హక్కే, ఆ పేరు లేకుండా తలెత్తుకుని బతకడమూ హక్కే. ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మన గూడెంలో ఆ గడి దగ్గర ఆగిపోయిన చెల్లెలో తమ్ముడో ఉంటే, ఆ తల్లికి తోడుగా ఒక్కరం వెళ్దాం. చదువుకున్న మనం ఆ మాత్రం చేయలేమా?

జై ఆదివాసీ!