మధ్యాహ్నం టీవీ షోలో ఇగ్గీ పాప్: డైనా షోర్ అడిగిన ప్రశ్న

మధ్యాహ్నం పూట మన ఇళ్లలో టీవీలో వచ్చే ప్రోగ్రాములు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక వంట, ఎవరో ఒక సెలబ్రిటీతో కబుర్లు, మధ్యలో ఓ పాట. అమ్మ పని చేసుకుంటూ ఒక కన్ను అటు వేసి ఉంచుతుంది. 1970లలో అమెరికాలో కూడా అచ్చం ఇలాంటి షో ఒకటి నడిచేది. దాని పేరు ‘డైనా!’. చివర్లో ఆ ఆశ్చర్యార్థకం కూడా పేరులో భాగమే.

1977 ఏప్రిల్‌లో ఆ షోకి ఒక గెస్ట్ వచ్చాడు. స్టేజి మీద పాడుతూ పాడుతూ పగిలిన గాజుతో ఒళ్లు కోసుకున్న మనిషి. పేరు ఇగ్గీ పాప్. ఇవాళ్టి ఎపిసోడ్ అతని గురించి, అంతకంటే ఎక్కువగా ఆ షో నడిపిన ఆవిడ గురించి.

ముందు ఆవిడ సంగతి. డైనా షోర్ 1916లో టెనెసీ రాష్ట్రంలో పుట్టింది. పసితనంలోనే పోలియో వచ్చింది, దాన్ని దాటుకుని నిలబడింది. 1940లలో రేడియోలో, రికార్డుల్లో పెద్ద గాయని. 1950లలో టీవీలోకి వచ్చి షెవర్లే కార్ల కంపెనీ పాట పాడి, చివర్లో ప్రేక్షకులకి చెయ్యి ఊపుతూ ఒక ముద్దు విసిరేది. ఆ ముద్దు దేశమంతా ఫేమస్. వంట పుస్తకాలు కూడా రాసింది. 1974లో ‘డైనా!’ మొదలయ్యేసరికి ఆవిడంటే అమెరికన్ ఇళ్లలో ఒక పెద్దమ్మ లెక్క. గట్టిగా అరిచే మనిషి కాదు, ఎదుటివాళ్ల పరువు తీసే మనిషి అసలే కాదు.

ఇప్పుడు మనవాడు. అసలు పేరు జేమ్స్ ఆస్టర్‌బర్గ్. మిషిగన్‌లో ట్రైలర్ పార్కులో, అంటే చక్రాల మీద కట్టిన ఇళ్ల కాలనీలో పెరిగాడు. స్కూల్ రోజుల్లో ‘ది ఇగ్వానాస్’ అనే బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు, ‘ఇగ్గీ’ అనే పేరు అక్కణ్ణుంచే వచ్చింది. తర్వాత ‘ది స్టూజెస్’ అని సొంత బ్యాండ్ పెట్టాడు. 1969లో మొదటి ఆల్బమ్, 1970లో రెండోది, 1973లో మూడోది. మూడూ సరిగా అమ్ముడుపోలేదు. కానీ వాటిని కొన్న ఆ కొద్దిమందిలో చాలామంది తర్వాత సొంతంగా బ్యాండ్లు పెట్టారు. సెక్స్ పిస్టల్స్ వాళ్లు స్టూజెస్ పాట పాడారు. డ్యామ్‌డ్ అనే బ్యాండ్ 1977లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌ని స్టూజెస్ పాటతోనే ముగించింది. పంక్‌కి గాడ్‌ఫాదర్ అని ఇగ్గీని అనేది ఊరికే కాదు.

టీవీ కూడా అతనికి కొత్త కాదు. 1970లో సిన్సినాటిలో జరిగిన ఒక రాక్ ఫెస్టివల్‌ని టీవీలో చూపించారు. అందులో ఇగ్గీ స్టేజి దిగి జనం మధ్యలోకి వెళ్లి, వాళ్ల చేతుల మీద నిలబడి, ఒంటికి పీనట్ బటర్ పూసుకుని, దాన్ని జనం మీదకి విసిరాడు. కామెంటరీ చెప్పే పెద్దమనిషి సూట్లో నిలబడి ఇదంతా ఏదో ఆటల పోటీలా వర్ణించడానికి తంటాలు పడతాడు. అది చూస్తే నవ్వాగదు.

తర్వాత జరిగినవి మాత్రం నవ్వే విషయాలు కావు. హెరాయిన్. 1973లో న్యూయార్క్‌లో ఒక క్లబ్‌లో పాడుతుండగా పగిలిన గాజుతో ఛాతీ కోసుకున్నాడు. 1974లో బ్యాండ్ విడిపోయింది. లాస్ ఏంజెలెస్‌లో తిండికీ, పడుకునే చోటుకీ దిక్కులేని స్థితి. చివరికి తనంతట తానే అక్కడి యూనివర్సిటీ మానసిక వైద్యశాలలో చేరాడు. అక్కడికి చూడటానికి వచ్చిన కొద్దిమందిలో డేవిడ్ బోవీ ఒకడు.

1976లో బోవీ అతన్ని తన టూర్‌లో వెంట తిప్పాడు. తర్వాత ఫ్రాన్స్‌లో ఓ పాత భవంతిలో ఉన్న స్టూడియోకి తీసుకెళ్లి ‘ది ఇడియట్’ ఆల్బమ్ చేయించాడు. తర్వాత ఇద్దరూ బెర్లిన్‌లో కాపురం పెట్టారు. 1977 మార్చిలో ఆ ఆల్బమ్ వచ్చింది, ఇగ్గీ టూర్‌కి బయల్దేరాడు. అప్పటికే ప్రపంచ స్టార్ అయిన బోవీ ఆ టూర్‌లో ఏం చేశాడో తెలుసా? పక్కన కూర్చుని కీబోర్డ్ వాయించాడు. అంతే. మన దగ్గర ఓ టాప్ హీరో తన ఫ్రెండ్ సినిమాలో డైలాగ్ లేకుండా వెనక నిలబడటం లాంటిది.

ఈ టూర్ మధ్యలోనే డైనా షో. బోవీ అంతకు ముందు ఏడాదే ఆ షోకి వచ్చి వెళ్లాడు, డైనాకి తెలిసిన మనిషే. బోవీ లేకపోతే ఇగ్గీకి ఆ పిలుపు వచ్చేదని నేను అనుకోను.

ఇంకో తమాషా ఉంది. ఆ రోజు డ్రమ్స్, బాస్ వాయించిన హంట్ సేల్స్, టోనీ సేల్స్ అన్నదమ్ములు. వాళ్ల నాన్న సూపీ సేల్స్, పిల్లల టీవీ షోల్లో మొహానికి కేకులు కొట్టించుకునే కమెడియన్. అంటే పంక్ గాయకుడి వెనక నిలబడ్డవాళ్లలో ఇద్దరు పక్కా టీవీ ఇంటి పిల్లలు.

ఇగ్గీ రెండు పాటలు పాడాడు, ‘ఫన్‌టైమ్’, ‘సిస్టర్ మిడ్‌నైట్’. వంట కబుర్ల మధ్యలో ఆ బరువైన, చీకటి లాంటి మ్యూజిక్. సరే, పాట అయిపోయింది. వచ్చి సోఫాలో కూర్చున్నాడు. పక్కన ఇంకో గెస్ట్, రోజ్‌మేరీ క్లూనీ. డైనా తరం గాయని. హీరో జార్జ్ క్లూనీకి మేనత్త. పైకి చూస్తే ఈవిడకీ, ఇగ్గీకీ ఏ సంబంధమూ లేదనిపిస్తుంది. కానీ 1968లో రోజ్‌మేరీ కూడా మనసు పూర్తిగా దెబ్బతిని మానసిక వైద్యశాలలో ఉండి వచ్చింది. అంటే ఆ సోఫా మీద అలాంటి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినవాళ్లు ఒకరు కాదు, ఇద్దరు.

డైనా అతన్ని ఒళ్లు కోసుకోవడం గురించి అడిగింది. నాకు ముఖ్యమైన సీన్ ఇదే. ఎగతాళి లేదు, ‘మా ప్రేక్షకులు షాక్ అవుతారు’ అనే నాటకం లేదు. దెబ్బ తగిలించుకుని ఇంటికొచ్చిన కుర్రాణ్ణి పెద్దావిడ అడిగినట్టు అడిగింది. అతను కూడా పొగరు చూపించలేదు, తప్పించుకోలేదు, మర్యాదగా జవాబు చెప్పాడు. నీ ప్రభావం ఎవరి మీదైనా ఉందనుకుంటున్నావా అని అడిగితే మాత్రం, అరవైల దశకాన్ని తుడిచిపెట్టడంలో తన చెయ్యి ఉందని చెప్పాడు. జోకులా వినిపించే ఆ మాటలో నిజం చాలానే ఉంది. పూలు, శాంతి, పొడుగు గిటార్ సోలోల కాలానికి పంక్ చుక్క పెట్టింది కదా.

ఇప్పుడు ఇంకో ఇంటర్వ్యూతో పోల్చి చూడండి. దీనికి కేవలం నాలుగు నెలల ముందు, 1976 డిసెంబర్ 1న, లండన్‌లో సాయంత్రం పూట ‘టుడే’ అనే లైవ్ షో. క్వీన్ బ్యాండ్ రాలేకపోతే ఆ ప్లేస్‌లో సెక్స్ పిస్టల్స్‌ని పిలిచారు. యాంకర్ బిల్ గ్రండీ వాళ్లని చులకనగా చూశాడు, పక్కన నిలబడ్డ అమ్మాయితో వెకిలిగా మాట్లాడాడు, ఇంకా బూతు మాట్లాడండి చూద్దాం అని రెచ్చగొట్టాడు. వాళ్లు మాట్లాడారు. మర్నాడు పేపర్ల నిండా అదే. గ్రండీని సస్పెండ్ చేశారు, బ్యాండ్ టూర్‌లో చాలా షోలు రద్దయ్యాయి, జనవరిలో రికార్డ్ కంపెనీ వాళ్లని వదిలించుకుంది.

పంక్ చరిత్ర చెప్పేవాళ్లు ఎప్పుడూ ఈ గ్రండీ కథే చెప్తారు. గొడవ ఉంది, హెడ్‌లైన్ ఉంది, చెప్పడానికి మజాగా ఉంటుంది. డైనా ఎపిసోడ్‌లో గొడవే జరగలేదు, అందుకే అది ఒక వింత క్లిప్ అన్న పేరుతో మిగిలిపోయింది. కానీ ఇగ్గీ ఎలాంటి మనిషో తెలుసుకోవాలంటే నేను డైనా దగ్గరకే వెళ్తాను. గ్రండీ ఇంటర్వ్యూలో మనకి తెలిసేది గ్రండీ గురించే. స్టీవ్ జోన్స్ బూతులు తిట్టగలడని తెలుస్తుంది, అంతకు మించి ఏముంది?

ఒక్క టీవీ షోతో ఇగ్గీ జీవితమేమీ మారిపోలేదు. టూర్ అయ్యాక బెర్లిన్ వెళ్లి అదే ఏడాది ‘లస్ట్ ఫర్ లైఫ్’ చేశాడు. డబ్బు కష్టాలు, డ్రగ్స్ తర్వాత కూడా వెంటాడాయి. 1983లో బోవీ ‘చైనా గర్ల్’ పాటని మళ్లీ పాడి హిట్ చేశాడు. అది ‘ది ఇడియట్’ కోసం ఇద్దరూ కలిసి రాసిందే కాబట్టి రాయల్టీలో ఇగ్గీకి వాటా వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాడు. డైనా 1994లో, బోవీ 2016లో పోయారు. చొక్కా లేకుండా స్టేజి ఎక్కే ఇగ్గీకి 2020లో గ్రామీ వాళ్లు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు.

ఆ క్లిప్ మీ ఫోన్‌లో కనిపిస్తే పాట అవ్వగానే స్క్రోల్ చేసేయకండి, సోఫా దాకా ఆగండి. ఇగ్గీ మాట్లాడుతున్నప్పుడు డైనా మొహం చూడండి.