యా ఓబులేసు?

అహోబిలం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఓబులేసు ఇల్లెక్కడ అని అడిగి చూడండి. "యా ఓబులేసు నాయనా?" అనే వస్తుంది జవాబు. పెద్ద ఓబులేసా, నడిపి ఓబులేసా, చిన్న ఓబులేసా? చెరువు కింద మడి ఉన్నాయనా, ట్రాక్టరు తోలే పిల్లోడా? ఎగువ అహోబిలంలో వెలసిన స్వామి పేరు ఓబులేసు, ఓబులయ్య, ఓబులమ్మ, ఓబుళరెడ్డి అయి ఈ నేలంతా పాకింది. సంక్రాంతికి పారువేట పేరుతో ఆ స్వామే పల్లకీ ఎక్కి నలభై రోజుల పాటు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. వాకిట్లోకి వచ్చిన దేవుడి పేరు బిడ్డకు పెట్టుకోవడంలో వింతేముంది? కడప వైపు పోతే ఊళ్లకే ఆ పేరు: ఓబులవారిపల్లె.

ఊరివాళ్లకు ఇందులో చిక్కేమీ లేదు. చిక్కంతా కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లది. ఉపాధి పని మస్టర్లు, రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలు, జనాభా లెక్కలు కలిపి చదివి ఊళ్లు ఎలా మారుతున్నాయో తేల్చాలనుకునే పరిశోధకులకు మొట్టమొదట ఎదురయ్యేది ఈ ప్రశ్నే. ఈ జాబితాలో ఓబులేసు, ఆ జాబితాలో ఓబులేసు ఒక్కరేనా? ఇది తేలకుండా ఎంత గొప్ప లెక్క వేసినా అది ఎవరి గురించి వేశామో తెలియదు. ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలై నూరేళ్లు దాటింది.

అమెరికాలో పిట్స్‌బర్గ్‌కు చెందిన రాబర్ట్ రసెల్ 1918లో ఒక పేటెంట్ పొందాడు. పేరును రాసిన తీరును బట్టి కాక పలికే తీరును బట్టి జాబితా కట్టే పద్ధతి అది. తర్వాత దానికి సౌండెక్స్ అనే పేరు స్థిరపడింది. మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చుల్ని వదిలేసి, దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తారు. 1935లో అక్కడ సామాజిక భద్రత చట్టం వచ్చాక ఇది అక్కరకొచ్చింది. పింఛను కావాలంటే వయసు రుజువు చూపాలి, పుట్టిన పత్రాలు లేనివాళ్లు లక్షల్లో ఉన్నారు. పాత జనాభా లెక్కల్లో వాళ్ల పేర్లు వెతకాలి. ఆర్థిక మాంద్యంలో పనుల్లేక ఉన్నవాళ్లకు కూలి ఇచ్చి, 1880, 1900, 1920 నాటి లెక్కలకు చేత్తో సౌండెక్స్ కార్డులు రాయించారు.

మన పేర్లను ఆ జల్లెడలో వేసి చూద్దాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఓబులేసు, ఓబులేష్ రెండూ ఓ-142 అవుతాయి. బాగానే ఉంది. కానీ ఆ పేరునే మన గుమాస్తాల్లో కొందరు ‘వో’తో మొదలుపెట్టి రాస్తారు. అప్పుడది వీ-142 అయిపోయి వేరే గూట్లో పడుతుంది. ఇక పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు ఇద్దరినీ ఉట్టి ఓబులేసు అని ఎక్కిస్తే వాళ్లు ఎప్పటికీ ఒకే మనిషి.

అసలు మలుపు కెనడాలో వచ్చింది. హొవార్డ్ న్యూకోంబ్ జన్యుశాస్త్రవేత్త, చాక్ రివర్‌లోని అణుశక్తి సంస్థలో పనిచేసేవాడు. రేడియేషన్ ప్రభావం తరతరాలకూ పాకుతుందా అన్నది ఆయన ప్రశ్న. దానికి కుటుంబాలను ఏళ్ల తరబడి వెంబడించాలి. అందుకోసం బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు పెళ్లిళ్ల రికార్డులనూ పుట్టుకల రికార్డులనూ కంప్యూటరుతో జతపరచడానికి పూనుకున్నాడు. తండ్రి ఇంటిపేరు ఒక్కటే చూస్తే జతలు తప్పుతాయని, తల్లి పుట్టింటి ఇంటిపేరును కూడా పట్టుకున్నాడు. మన ఆడవాళ్లకు ఒక కార్డులో తండ్రి పేరు, ఇంకో కార్డులో భర్త పేరు ఉండే సంగతి తెలిసినవాళ్లకు ఆ ఎత్తు విలువ అర్థమవుతుంది.

1959లో సహచరులతో కలిసి ‘సైన్స్’ పత్రికలో ఆయన ప్రచురించిన పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇంకొకటి. పేర్లు కలిస్తే సరిపోదు, కలిసిన పేరు ఎంత అరుదైనదో చూడాలి. అహోబిలంలో రెండు జాబితాల్లోనూ ఓబులేసు ఉన్నాడంటే దాదాపు ఏమీ చెప్పినట్టు కాదు. శ్రీకాకుళంలో రెండు జాబితాల్లోనూ ఓబులేసు కనబడితే అతను ఒకడే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అక్కడ అప్పలనాయుడు అనే పేరు దేనికీ సాక్ష్యం కాదు, అహోబిలంలో అప్పలనాయుడు దొరికితే గట్టి సాక్ష్యం. అంటే పేరుకు బరువు ఉంది, ఆ బరువు ఊరిని బట్టి మారుతుంది. "యా ఓబులేసు?" అని అడిగే అవ్వకు పుట్టుకతో తెలిసిన సంగతిని న్యూకోంబ్ అంకెల్లోకి దించాడు.

దానికి గణిత సిద్ధాంతం కట్టినవాళ్లు కెనడా గణాంక శాఖలోని ఐవన్ ఫెలెగీ, అలన్ సంటర్. హంగరీ నుంచి కెనడా చేరిన ఫెలెగీ తర్వాత ఆ దేశపు ముఖ్య గణాంకాధికారి అయ్యాడు. 1969 నాటి వాళ్ల వ్యాసం ప్రకారం ప్రతి జతనూ మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేయాలి: ఒకే మనిషి, వేరు మనుషులు, తేల్చలేం. ఆ మూడో కుప్పను మనిషే చూసి తేల్చాలి. వయసు కలవకపోతే ఎంత తగ్గించాలి, ఊరు కలిస్తే ఎంత పెంచాలి అన్నదానికీ లెక్క ఉంది. మన పల్లెల్లో వయసు అడిగితే 35, 40, 45 అని చెప్పేస్తారు కాబట్టి, వయసు కలవకపోయినంత మాత్రాన వేరే మనిషి అనేయడానికి లేదు.

అక్షరాల తేడాను కొలిచే సాధనం రష్యా నుంచి వచ్చింది. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అని లెక్కించే పద్ధతిని వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ 1965లో ప్రతిపాదించాడు. దాన్ని మన పేర్ల మీద ఉన్నదున్నట్టు వాడితే చిక్కే. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో పొడవుగా ‘కె-ఎస్-హెచ్’తో రాయొచ్చు, పొట్టిగా ‘ఎక్స్’తో రాయొచ్చు. ఒకే పేరు, దూరం మూడు. రాముడు, రాములు వేరువేరు పేర్లు, దూరం ఒక్కటి. సామ్ ఆషర్, పాల్ నోవోసాద్ అనే ఆర్థికవేత్తలు భారత జనాభా లెక్కల్లో ఊళ్ల పేర్లను జతపరచబోయి ఇదే గోడకు తగిలారు. మనవాళ్లు మామూలుగా మార్చి రాసే అక్షరాలకు తక్కువ దూరం లెక్కగట్టే ప్రోగ్రాం రాసుకుని, దానికి ‘మసాలా మెర్జ్’ అని పేరు పెట్టారు.

ఇదంతా మన నేల మీద పరీక్షకు నిలిచింది ఉపాధి హామీ పథకంలో. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత కూలి అన్న వివరాలు కంప్యూటర్లోకి ఎక్కి ఎవరైనా చూసేలా బయటికొచ్చాయి. సమాజాన్ని చదివేవాళ్లకు అంత వివరమైన రికార్డు అదివరకు ఏదీ? అయితే రికార్డులో కూలి పడినంత మాత్రాన కూలీ చేతిలో పడినట్టు కాదు.

వేలిముద్రతో కూలి ఇచ్చే స్మార్ట్ కార్డులు తేవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుకున్నప్పుడు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ దాన్ని ఒక పెద్ద ప్రయోగంగా మలిచారు. కర్నూలు, కడప సహా ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి కార్డులు ముందు వెళ్లాలో లాటరీ తీశారు. ముందు వచ్చిన, చివర వచ్చిన మండలాలు కలిపి 157, వాటిలో జనాభా సుమారు 1 కోటీ 90 లక్షలు. 2010లో ఒకసారి, 2012లో ఇంకోసారి రికార్డుల్లోంచి పేర్లు తీసుకుని ఇళ్లకు వెళ్లి అడిగారు. సర్కారు ఇచ్చానన్నదానికీ కూలీ అందిందన్నదానికీ ఉన్న తేడా మధ్యలో పోయిన డబ్బు.

వినడానికి తేలికే. కానీ జాబ్ కార్డు పట్టుకుని వెళితే ఆ మనిషి దొరకడు. అలాంటి మనిషే లేకపోవచ్చు, పేరు పెట్టి ఎవరో కూలి తిన్నారన్నమాట. వలస పోయి ఉండొచ్చు. ఊళ్లో అతన్ని ఇంకో పేరుతో పిలుస్తుండొచ్చు. దొరకనివాళ్లందరినీ దొంగ పేర్లే అనుకుంటే అవినీతి ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. అందరినీ లెక్కలోంచి తీసేస్తే అసలైన దోపిడీ కనబడకుండా పోతుంది. మనిషి లేడని ఊళ్లో విచారించి తేల్చుకున్నాకే అందిన కూలి సున్నా అని వేయాలి. ఫెలెగీ చెప్పిన మూడో కుప్ప ఇదే, ఇక్కడ దాన్ని తేల్చాల్సింది ఎండలో నడిచే సర్వేయరు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. రెండేళ్లయినా కార్డులు ముందు వచ్చిన మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కార్డుల మీదికి మారాయి. కార్డులు బాగా నడిచిన ఊళ్లనే చూపిస్తే ఫలితం మెరిసిపోయేది. వాళ్లు ఆ పని చేయలేదు. కార్డు అందనివాళ్లతో సహా లాటరీలో వచ్చిన మండలాలన్నిటినీ కలిపే లెక్కగట్టారు. అలా చూసినా కుటుంబాలకు ఉపాధి పని మీద వచ్చే రాబడి 24 శాతం పెరిగింది, మధ్యలో పోయే డబ్బు 41 శాతం తగ్గింది, ఒక్కో చెల్లింపుకు కూలీ వెచ్చించే సమయం 22 నిమిషాలు తగ్గింది. సర్కారు ఖర్చు మాత్రం పెరగలేదు. ఈ వ్యాసం 2016లో ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’లో వచ్చింది.

ఆ ఎనిమిది జిల్లాల్లో ఆదిలాబాద్, ఖమ్మం, నల్గొండ 2014లో తెలంగాణకు వెళ్లాయి. 2022 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ మండలంతో పాటు అహోబిలం నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, జాబితాలో జిల్లా గడి మారిపోయింది. పాత రికార్డును కొత్తదానితో కలపాలంటే ఇప్పుడు పేరుతో పాటు చిరునామానూ జతపరచాలి.

ఈ పని సరిగా జరగకపోతే నష్టం పరిశోధకులతో ఆగదు. 2022-23లో దేశమంతటా 5 కోట్లకు పైగా పేర్లు జాబ్ కార్డుల్లోంచి తీసేశామని కేంద్రం 2023లో పార్లమెంటుకు చెప్పింది. నకిలీ, రెండుసార్లు నమోదు, వలస, మరణం, పనికి రావడం లేదు అన్నవి చెప్పిన కారణాలు. 2024 జనవరి 1 నుంచి కూలి ఆధార్ ఆధారంగానే చెల్లించాలన్న నిబంధన వచ్చింది. జాబ్ కార్డులో ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా పేరు పడితే కూలి ఇరుక్కుంటుంది. అలాంటి చోట యంత్రం అవును, కాదు అనే రెండు కుప్పలే వేస్తుంది. ‘తేల్చలేం’ అనే కుప్ప లేని పద్ధతి నా దృష్టిలో పరిశోధనకూ పాలనకూ పనికిరాదు.

మండలం వారీగా పేర్ల బరువుల పట్టిక తయారు చేయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఏ పేరు ఎందరికుందో, దాన్ని ఇంగ్లీషులో ఎన్ని తీర్లుగా రాస్తున్నారో లెక్కిస్తే చాలు, ఒక్క మనిషి వివరమూ బయటపెట్టనక్కర్లేదు. ఆళ్లగడ్డకు ఓబులేసు బరువు ఎంతో, పలాసకు ఎంతో ఆ పట్టికలో ఉంటుంది. పేరు తీసేసే ముందు దాన్ని చూసి, తేలనివన్నీ విడిగా పెట్టి, సామాజిక తనిఖీకి ఊరికొచ్చే బృందం చేతికి ఇవ్వాలి. ఎలాగూ వాళ్లు మస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు.