దోర్నకల్ పీఠమున అజరయ్య

1910వ సంవత్సరము జూన్ నెలలో స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు సుమారు 1200 మంది ప్రతినిధులు విచ్చేసిరి. వారిలో ఐరోపా, అమెరికా ఖండములవారే దాదాపు అందఱును. ఏ దేశములలోని సువార్త సేవను గూర్చి ఆ సభ చర్చింపదలచెనో ఆ దేశములనుండి వచ్చినవారు మాత్రము కొలదిమందియే. ఆ కొలదిమందిలో నొకడు, ముప్పదియైదేండ్ల తమిళుడు, అప్పటికే మన దోర్నకల్లులో సేవచేయుచున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య, విదేశీయ మిషనరీలకును స్వదేశీయ సేవకులకును నడుమ సంబంధ మెట్లుండవలెనను విషయముపై మాటలాడుటకు వేదిక నెక్కెను. జీతమిచ్చు దొరకును జీతము పుచ్చుకొను నౌకరుకును నడుమ నుండు సంబంధమే తఱచుగా మీకును మాకును నడుమ నున్నదనియు, మీరు ధనమిచ్చితిరి, సుఖములు విడిచితిరి, ప్రాణములు సైతము ధారవోసితిరి గాని స్నేహమొక్కటి మిగిలిపోయినదనియు, మాకు కావలసినది ఆ స్నేహమేననియు ఆయన నిర్మొగమాటముగా చెప్పినప్పుడు సభలో కలవరము కలిగినది. కొందఱు నొచ్చుకొనిరి, కొందఱు తమలో తాము తర్కించుకొనిరి.

వినయశీలుడైనవాడు పెద్దల యెదుట ఇట్లు మాటలాడునా యని శంకించువా రుందురు. వినయమనగా నోరు మెదపక తలవంచుకొని నిలుచుటయని మనలో ననేకులకు చిరకాలముగా నాటుకొన్న భావన, అందును సంఘములలో ఈ భావనను పెద్దలు చిన్నవారికి బోధించుటయే గాని తాము పాటించుట అరుదు. అధికారము గలవాడు దాతృపీఠమునుండి దిగివచ్చి తోడివాని సరసన కూర్చుండవలెనని అజరయ్య కోరెను. ఆ కోరిక కోరుటకు సాహసము కావలెను. కోరిన పిమ్మట ఆ నియమమునకు ముందుగా తానే లోబడవలెను. ఆయన జీవితమున మిగిలిన కాలమంతయు ఈ రెండవ పనికే వినియోగపడినదని నా విశ్వాసము.

1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమందలి ఒక చిన్న గ్రామమున, గురువుగారి యింట ఆయన జన్మించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దేశము తిరిగెను. 1902లో సింహళమందలి జాఫ్నాకు వెళ్ళినప్పుడు, అచటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో ఇతర ప్రాంతములకు సువార్తికులను పంపుచుండుట చూచి, తన స్వస్థలమందలి సంఘము తరతరములుగా పుచ్చుకొనుటయే గాని యిచ్చుట యెఱుగకున్నదని ఆయన మనస్సు కలతపడెను. ఆ కలతనుండియే 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీయు, 1905 క్రిస్మసునాడు శ్రీరాంపురమున నేషనల్ మిషనరీ సొసైటీయు పుట్టినవి. తిరునెల్వేలి సొసైటీవారు తమ సేవకు ఎన్నుకొన్న క్షేత్రము నిజాము రాజ్యమందలి తెలుగు పల్లెలు. పదిమందిని పొండని ప్రోత్సహించినవాడు తాను పోకుండుట న్యాయమా యని అంతరాత్మ ప్రశ్నింపగా, పట్టణోద్యోగము విడిచి, 1909లో గురుపట్టము పొంది, ముప్పదియైదేండ్ల ప్రాయమున అ ఆ లు దిద్దుకొనుచు ఆయన దోర్నకల్లు చేరెను. అఖిలభారత ఖ్యాతి గడించిన ఉపన్యాసకుడు ఒక మారుమూల జంక్షనులో పసిపిల్లవానివలె కూలిజనులయొద్ద మాటలు నేర్చుకొనుటకు ఎంత మనోనిగ్రహము కావలెనో పరభాష నేర్చినవారికే తెలియును.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదలవలన 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెంటు పాల్ కథెడ్రలులో అజరయ్య దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. ఆంగ్లేయ మిషనరీలు పలువురు దీనిని వ్యతిరేకించిరి. ఆ వ్యతిరేకత ఎంత బలీయమో తెలియవలెనన్న ఒక్క సంగతి చాలును: 1945లో ఆయన మరణించు వఱకును ఆంగ్లికను మేత్రాసనము నేలు భారతీయ బిషప్పు మఱియొకరు లేరు.

ఆయన మంద యెవరు? మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను కూలినాలి చేసి బ్రతుకు నిరుపేదలు, ఊరి బావిలో చేద వేయుటకైనను హక్కు లేనివారు. ఆ పల్లెలకు ఆయన ఎడ్లబండిమీదనో సైకిలుమీదనో పోయి, కూడిన సంఘమును చూచి ఒక పని చేయించుచుండెను. బాప్తిస్మము పొందిన ప్రతివారును తమ చేతిని తమ తలపై నుంచుకొని, తాను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడననియు, సువార్త చెప్పకుండుట తనకే కీడనియు, పౌలు అపొస్తలుని మాటల ననుసరించి బిగ్గరగా పలుకవలెను. పొలమునుండి వచ్చిన చేయి, మట్టి యింకను వదలని చేయి, ఆ తలపై నిలిచినది. ఎవరో వచ్చి తనకు చెప్పవలెనని తరతరములుగా ఎదురుచూచిన నోటికి, ఇకమీదట చెప్పవలసినవాడవు నీవేయని ఇంతకంటె సూటిగా తెలుపుట యెట్లు?

పేదవాడు ఇచ్చువాడు గూడ కావలెననుట ఆయన రెండవ పట్టు. ఇల్లాలు ఎసటిలో పోయుటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేసి, ఆదివారమునాడు గుడికి తెచ్చుట మన సంఘములలో ఇప్పటికిని వాడుకలో నున్నది. కోతకాలపు పండుగలో ధాన్యము, కోళ్ళు, కూరగాయలు బలిపీఠము ముందు పెట్టుటయు అట్టిదే. ఇట్టి యర్పణలను ఆయన మిక్కిలి ప్రోత్సహించి, క్రైస్తవ దానధర్మమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. మఱియొకరి దయపై బ్రతుకు సంఘము ఎంతటి పెద్దదైనను ఆత్మలో ముసలిదగునని ఆయన యెఱుగును.

ఆయన ప్రయత్నము సంపూర్ణముగా ఫలించినదని చెప్పుట సత్యము కాదు. మాల మాదిగ భేదము గుడి గడప దాటి లోపలికి వచ్చి కూర్చుండెను. ఆయన దానితో జీవితాంతము పోరాడెను, అది నేటికిని పోలేదు. ఇది మన సంఘములు తలయెత్తుకొని చెప్పుకొనదగిన విషయము కాదు. అయినను 1930వ దశకమున ఒక విశేషము జరిగినది. తమ పల్లెల అంచున నివసించు ఈ నిమ్నజాతి క్రైస్తవుల నడవడిలో వచ్చిన మార్పును, త్రాగుడు మానుటను, శుభ్రతను, పిల్లలను బడికి పంపుటను, కన్నులారా చూచిన శూద్ర కులములవారు వేలకొలదిగా అదే సంఘమున చేరజొచ్చిరి. ఊరందఱును చిన్నచూపు చూచినవారే ఊరికి సాక్షులైరి. ఆ దశకము ముగియునాటికి మేత్రాసనపు సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

గుమ్మటములును స్తంభములును గలసి, హిందూ మహమ్మదీయ శిల్పరీతులు రెండును పెనవేసుకొన్న దోర్నకల్ కథెడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. 1919లో తరంగంబాడిలో ఆయన పూనికతో ఆరంభమైన సంఘైక్య ప్రయత్నము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా రూపొందెను; దానిని చూచుటకు ఆయన లేడు. 1945 జనవరి 1వ తేదీన అమరుడగునాటికి ఆయనకు డెబ్బది యేండ్లు.

నేడు మన మేత్రాసనములలో పీఠముకొఱకు పోటీలు, కోర్టు వ్యాజ్యములు, ఆస్తి తగాదాలు పెరిగినవని పత్రికలు చదువువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. పోటీకి నిలుచు గురువులకును, వోటువేయు సంఘపెద్దలకును నా మనవి యొక్కటే: నామినేషను పత్రముపై సంతకము చేయుటకు ముందు అజరయ్య ఎడింబరో ప్రసంగమును సంపాదించి, ఆనాడు దొరలు కూర్చున్న కుర్చీలలో నేడు తాము కూర్చున్నామని తలచుకొని, దానిని తుదివఱకు ఒక్కసారి చదువుడు.